కుటుంబ ధర్మనిధులకు దరఖాస్తు వ్రాయు విధము

మా గ్రామపు చెఱువు పూడిక తీయించుటకై ఒక ధనిక కుటుంబమువారి ధర్మనిధికి మేము రెండు పర్యాయములు దరఖాస్తు పంపితిమి. మొదటిది త్రోసివేయబడెను. రెండవది ఫలించెను. ఈ రెంటి నడుమ ఒక వేసవి వ్యర్థమైపోయినది. ఆ యేడు చివరి మళ్లకు నీరందక ఆయకట్టులో కొంతభాగము బీడుపడినది. మాకు కలిగిన నష్టము మఱియొక గ్రామమునకు కలుగకుండుగాక యను తలంపుతో ఈ నాలుగు మాటలు సంఘ సభ్యుల యెదుట పెట్టుచున్నాను.

ముందుగా ఈ ధర్మనిధి యనగా నేమో తెలిసికొనవలయును. ఒక కుటుంబమువారు తమ యాస్తిలో కొంత ధర్మమునకు విడిచి, దానిని ధర్మకర్తల వశము చేయుదురు. ఆ ధర్మకర్తలు దానిపై వచ్చు ఆదాయమును సత్కార్యములకు పంచుదురు. ఇది సర్కారు సబ్సిడీ వంటిది కాదు, అర్హత యున్నంతమాత్రమున మనకు హక్కు కలుగదు. బ్యాంకు అప్పు వంటిదియు కాదు, తిరిగి చెల్లింపనక్కఱలేదు. కంపెనీల విషయము వేఱు. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను ననుసరించి పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సంఘహిత కార్యములకు వెచ్చింపవలసియున్నది. కుటుంబ నిధులకు అట్టి లెక్క లేదు. స్థాపకుని సంకల్పమే వాటికి శాసనము.

ఆ సంకల్పమును చదువకపోవుటయే మేము చేసిన మొదటి తప్పు. మేము వ్రాసిన నిధివారి పూర్వులు పిల్లల చదువునకై ధనము విడిచిరి. మేమో చెఱువు మాట వ్రాసితిమి! రెండు పంక్తుల మర్యాదగల జవాబు వచ్చినది. వారి తప్పేమియు లేదు. ఈ సంగతికి ప్రసిద్ధమైన దృష్టాంతము టాటా వంశమునందే కలదు. సర్ దొరాబ్జీ టాటాగారి భార్య మెహర్‌బాయిగారు 1931లో రక్తకణములకు సంబంధించిన ల్యుకేమియా యను వ్యాధిచే మరణించిరి. మరుసటి యేట, అనగా 1932లో, ఆయన ఆమె పేర నొక నిధి నెలకొల్పి, ముఖ్యముగా ఆ వ్యాధిని గూర్చిన పరిశోధనకు ఉద్దేశించిరి. అదే సంవత్సరమున తన యాస్తిని మఱియొక విశాలమైన నిధికి విడిచిరి. రెండును ఒకే కుటుంబమువి, ఒకే చేతితో పెట్టినవి. అయినను మొదటిదానికి పోయి చెఱువునకు ధనమిమ్మని యడుగుట మంగలివానియొద్ద కత్తెర యున్నదని బట్టలు కుట్టుమనుట వంటిది.

రెండవ సంగతి, అడుగువారెవరు? మన సహకార పరపతి సంఘము పేర దరఖాస్తు పెట్టరాదా యని పలువురు సభ్యులు నన్నడిగిరి. సహకార సంఘము సభ్యుల లాభమునకై యేర్పడినది, మిగులును సభ్యులకు పంచునది. కావున ధర్మనిధులవారు సాధారణముగా దానికి నేరుగా దానమీయరు. లాభము నెవరికిని పంచని సంస్థ కావలయును. అది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టముక్రింద నమోదైన సంఘము కావచ్చును, ట్రస్టు కావచ్చును. అదృష్టవశమున మా యూర గ్రంథాలయమును నడుపుచున్న సేవాసంఘ మొకటి యుండెను. దానికి పాను నంబరు, ఆదాయపు పన్ను శాఖవారి నమోదు, నీతి ఆయోగువారి దర్పణ్ పట్టికలో సంఖ్య, మూడేండ్ల ఆడిటు లెక్కలు కలవు. 1961 నాటి పన్ను చట్టమునుబట్టి జనులు 12ఏ, 80జి యని పిలుచుచు వచ్చిన పత్రములే యీ నమోదులు. మొదటిది సంస్థ ఆదాయమునకు, రెండవది దాతకు కలుగు పన్ను తగ్గింపునకు సంబంధించినవి. ఈ కాగితములు లేని సంఘము దరఖాస్తునకు తొందరపడక ముందు వీనిని సంపాదించుకొనవలయును. కొత్తగా పుట్టిన సంఘమునకు మూడేండ్ల లెక్కలెక్కడివి? అందుచేత గ్రామములోని పాత సంఘమును బ్రతికించుకొనుట మేలు.

చెఱువు సేవాసంఘముది కాదు గదా. దానిని ముట్టుటకు నీటిపారుదల శాఖవారి అనుమతి పత్రమును, పంచాయతీ తీర్మానమును జతపరుపవలయును. మొదటిసారి ఇవియు లేవు.

ఇక దరఖాస్తులోని సారము. మొదటిసారి మేము "చెఱువు పూడిక తీయుటకు పది లక్షల రూపాయలు దయచేయవలయును" అని యొకే పంక్తి వ్రాసి, దానిచుట్టును రెండు పుటలు కష్టములు వర్ణించితిమి. అవి నిజమైన కష్టములే. కాని చదువువానికి వాటినుండి పది లక్షలెట్లు వచ్చెనో తెలియదు. రెండవసారి, నీటిపనులకు ధనమిచ్చు వేఱొక నిధిని చూచుకొని, గొలుసు పట్టుకొని చెఱువులో దిగితిమి. తూము ముందఱ పది యెకరముల మేర ఒకటిన్నర యడుగు పూడిక తీయవలసి యుండెను. అది సుమారు 18,500 ఘనపు మీటర్లు. జె.సి.బి. గంటకు 37 ఘనపు మీటర్లు ఎత్తునని రెండు దినములు పని చేయించి చూచితిమి. ఆ లెక్కన 500 గంటలు. గంట బాడుగ 1,150 రూపాయల చొప్పున 5,75,000 రూపాయలు. తూము తలుపు బాగుచేయుటకు 40,000. ఆడిటరు రుసుమునకును, లెక్కలు వ్రాయు గుమాస్తాకును 26,400. వెరసి 6,41,400 రూపాయలు. పది లక్షలెక్కడ, ఇదెక్కడ!

గుమాస్తా జీతము వ్రాయుటకు మాలో కొందఱు సిగ్గుపడిరి. దానధనములో జీతమా యని. నేను వ్రాయవలసినదే యంటిని. లెక్క వ్రాయువాడు లేక లెక్క పుట్టదు. దాచిపెట్టి వేఱొక పద్దులో చేర్చుటకంటె ఉన్నదున్నట్లు చూపుట గౌరవము.

మఱి గ్రామమువారి వంతేమి? ఈ ప్రశ్న ప్రతి నిధివారును ఏదో విధమున అడుగుదురు. పూడిక మట్టిని రైతులు తమ ట్రాక్టరులతో తమ పొలములకే తోలుకొనిరి. 2015లో తెలంగాణములో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలోను ఇదే పద్ధతి. ట్రక్కునకు మూడు ఘనపు మీటర్ల చొప్పున ఆరువేలకు పైగా తోలకములు. తోలకము 300 రూపాయలని కట్టినను పదునెనిమిది లక్షలు దాటును. అనగా మేమడిగినదానికి దాదాపు మూడింతలు మాదే. ఈ సంగతి మొదటి దరఖాస్తులో మాకు తట్టనేలేదు. రైతు తన ట్రాక్టరు శ్రమను ధనముగా లెక్కించుట యెన్నడెరుగును?

కాలము విషయము మఱవరాదు. ధర్మకర్తలు ప్రతిదినము కూర్చుండరు. పలు నిధులలో ఏడాదికి కొలది సమావేశములే జరుగును. చెఱువు పనికి కోతలు ముగిసి తొలకరి పడువఱకే గడువు. మేము మొదటిసారి మాఘమాసమున దరఖాస్తు పంపితిమి. అది అంగీకరింపబడియున్నను ధనము వచ్చునప్పటికి చెఱువున నీరు నిలిచియుండెడిది. రెండవసారి భాద్రపదముననే పంపితిమి.

అమెరికాలోని మనవారు కొందఱు అచ్చటి నిధులకు వ్రాయుమని సలహా చెప్పిరి. అచ్చటి కుటుంబ నిధులు ఏటేట తమ యాస్తిలో సుమారు నూటికి అయిదు వంతులు ధర్మమునకు వెచ్చింపవలెనని నియమము. ఎవరికెంత యిచ్చిరో తెలుపు వార్షిక పత్రములు ఎవరైనను చూడవచ్చును. ఇది మంచి యేర్పాటు. కాని 2010 నాటి విదేశీ విరాళముల చట్టముక్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేక మన సంస్థ ఆ ధనమును తీసికొనరాదు. 2020 సవరణ పిమ్మట ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ముఖ్యశాఖలో తెరచిన ఖాతాకే రావలయును. దానిని మఱియొక సంస్థకు అందించుటయు కూడదు. "వచ్చిన సొమ్మును పట్టణపు సంస్థ ద్వారా మీకు పంపెదము" అని యెవరైనను చెప్పినచో ఆ దారి తొక్కకుడు.

సొమ్ము చేరిన పిదప లెక్క యొప్పజెప్పుట కలదు. దక్షిణాఫ్రికాలో భారతీయుల సత్యాగ్రహమునకు, తరువాత సర్ బిరుదు పొందిన రతన్ టాటాగారు 1909లో 25,000 రూపాయలు పంపిరి; పిమ్మట మఱికొంత యిచ్చిరి. 1912లో గాంధీగారు ఆయనకు బహిరంగ లేఖ వ్రాసి టాల్‌స్టాయ్ క్షేత్రము నడచిన తీరును, ధన మెట్లు వినియోగమైనదియు తెలిపిరి. అంతటి మహనీయులే లెక్క చెప్పగా మనకు మొగమాట మేల?

మాకు సొమ్ము రెండు కిస్తులుగా వచ్చినది. మొదటి కిస్తు ఖర్చు రశీదులును, జె.సి.బి. గంటల చీటీలును పంపిన తరువాతనే రెండవది విడుదలయ్యెను. చీటీపై ప్రతి సాయంత్రము డ్రైవరును, ఒక రైతును సంతకము చేసిరి. పని 491 గంటలలో ముగిసినది. తొమ్మిది గంటల బాడుగ 10,350 రూపాయలు మిగులగా, దాని నేమి చేయుదుమని నిధివారికి వ్రాసితిమి. అలుగు దగ్గఱి రాతికట్టునకు వాడుకొనుడని జవాబు వచ్చినది. ఆ పని రశీదులు గత మాసమున పంపితిమి.