‘డెఫెనింగ్’ అంటే ఏమిటి?

పెద్ద చప్పుడును గురించి ఇంగ్లీషులో ‘లౌడ్’ అనీ, ‘డెఫెనింగ్’ అనీ రెండు మాటలు వాడుతారు. రెండూ ఒకటే అనుకోరాదు. లౌడ్ అంటే బిగ్గరగా వినిపించేది. సంఘం మైకులో పాల ధర చదివితే అది లౌడ్. డెఫ్ అంటే చెవిటి. డెఫెన్ అంటే చెవుడు వచ్చేటట్లు చేయడం. కనుక డెఫెనింగ్ అంటే చెవుడు తెప్పించేటంత పెద్దదని అర్థం. మనం ‘చెవులు చిల్లులు పడేలా’ అంటామే, దానికి సరిపోయే మాట ఇది.

అన్ని చోట్లా దీనిని ఉన్నదున్నట్లు తీసుకోనక్కరలేదు. చప్పట్లు డెఫెనింగ్ అంటే మిన్నుముట్టాయని భావం. ‘డెఫెనింగ్ సైలెన్స్’ అనే ప్రయోగం కూడా ఉంది. సైలెన్స్ అంటే మౌనం. జవాబు రావలసిన చోట ఎవరూ నోరు మెదపకపోతే ఆ మౌనమే కొట్టొచ్చినట్లు తెలుస్తుంది. సర్వసభ్య సమావేశంలో సభ్యుడు లెక్కలు అడిగితే వేదిక మీది వారంతా మిన్నకుండడం ఇటువంటిదే.

యంత్రాల దగ్గర మాత్రం ఈ మాటను అక్షరాలా తీసుకోవాలని మా మనవి. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి దెబ్బతినవచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా అక్కడ ఉండదగిన సమయం సగమవుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చెడితే మళ్లీ పుట్టవు.

కొలిచే పరికరం లేకున్నా ఒక గుర్తు ఉంది. శీతలీకరణ కేంద్రంలో జనరేటరు, కంప్రెసరు నడుస్తుండగా చేయిచాపు దూరంలోని మనిషికి అరిచి చెప్పవలసి వస్తే, చప్పుడు హద్దు దాటిందనుకోవాలి. పని ముగిశాక చెవిలో హోరు పెడితే అది హెచ్చరిక. చెవిలో దూది పెట్టుకుంటే చాలదు. ఇయర్ ప్లగ్గులు గాని, చెవులను పూర్తిగా కప్పే ఇయర్ మఫ్‌లు గాని వాడాలి.

చప్పుడు పశువుకూ పడదు. పితికే వేళ హఠాత్తుగా పెద్ద మోత వినిపిస్తే గేదె బెదిరి చేపదు. పాలు పొదుగులోనే ఉండిపోతాయి.

కనుక సంఘాల కార్యదర్శులు జనరేటరు గది తలుపు వద్దనే ఇయర్ మఫ్‌లు తగిలించి ఉంచాలనీ, వాటిని పెట్టుకోనిదే ఎవరినీ లోపలికి పంపరాదనీ కోరుతున్నాము. వాటి ఖర్చు కొద్దిపాటిదే. పోయిన వినికిడి ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాదు.