పాఠశాల బోర్డు నుండి శాసనసభకు

అమెరికా దేశంలో పిల్లల చదువు రాజధానిలో కూర్చున్న మంత్రి చేతిలో వుండేది కాదు. నేటికీ అంతగా లేదు. ఊరికో, కౌంటీకో ఒక పాఠశాల బోర్డు వుంటుంది. బడి ఎక్కడ కట్టాలి, పిల్లలను తెచ్చే బస్సులు ఏ దారిన నడవాలి, ఉపాధ్యాయులుగా ఎవరిని తీసుకోవాలి అనే సంగతులన్నీ ఆ బోర్డువారే నిర్ణయిస్తారు. 1959 లో జిల్లా పరిషత్తులు రాకముందు మనకు జిల్లా బోర్డులుండేవి. ఆనాటి బోర్డు హైస్కూళ్ళ పేరు విన్నవారికి ఈ ఏర్పాటు మరీ కొత్తగా తోచదు. అయితే మన జిల్లా బోర్డుకు రోడ్లూ ఆసుపత్రులూ కూడా చూచుకొనే పని వుండేది. అక్కడి బోర్డుకు బడి ఒక్కటే లోకం. దాని సభ్యత్వంలో ధనం లేదు, పేరు అంతకంటే లేదు. తల్లిదండ్రుల కోపం మాత్రం సమృద్ధిగా వుంటుంది. అయినా రాష్ట్ర శాసనసభ మెట్లెక్కినవారిలో ఎందరో మొదట ఆ బోర్డు బల్లచుట్టూ కూర్చున్నవారే. వారిలో ఒకడు ఆ దారినే శ్వేతభవనం దాకా నడిచినాడు. ఆయన పేరు జిమ్మీ కార్టరు.

1924 అక్టోబరు 1 న జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న వూరిలో ఆయన పుట్టినాడు. అన్నాపొలిస్‌లోని నౌకాదళ విద్యాలయంలో 1946 లో పట్టం పుచ్చుకొని, జలాంతర్గాములలో పనిచేస్తూ, అణుశక్తితో నడిచే కొత్త నౌకల నిర్మాణానికి ఎంపికైనాడు. ఎదురులేని ఉద్యోగమది. కాని 1953 లో తండ్రి కాన్సరు జబ్బుతో మరణించగా, భార్య రోజలిన్ ఎంత వద్దన్నా వినక, కొలువు విడిచి స్వగ్రామం చేరుకొన్నాడు. వేరుశనగ విత్తనాల వ్యాపారం, ఎరువుల కొట్టు, కొంత సేద్యం – ఇవీ తండ్రి విడిచిన ఆస్తి. మరుసటి యేడే అనావృష్టి వచ్చినది. వర్షాన్ని నమ్మి వేరుశనగ వేసిన రైతు యింట ఆ సంవత్సరం ఎట్లా గడిచివుంటుందో అనంతపురం వారికి వివరించి చెప్పనక్కరలేదు.

తండ్రి కూడా కౌంటీ పాఠశాల బోర్డులో పనిచేసినవాడే. చనిపోయేనాటికి రాష్ట్ర ప్రతినిధుల సభలో సభ్యుడు. 1955 లో కుమారుడు సమ్టర్ కౌంటీ పాఠశాల బోర్డులో ప్రవేశించినాడు. దీనికి ఎన్నిక లేదు. ఆ కాలంలో జార్జియాలో బోర్డు సభ్యులను గ్రాండ్ జ్యూరీ అనే పౌరుల సంఘం నియమించేది. ఆ జ్యూరీలో కూర్చునేవారెవరో, వారు ఎటువంటివారిని నియమిస్తారో ఊహించడం కష్టం కాదు. కౌంటీ జనంలో దాదాపు సగం మంది నల్లజాతివారైనా, బోర్డులో వున్నవారందరూ తెల్లవారే.

అప్పటికి యేడాది క్రితమే, 1954 మే 17 న, అమెరికా సుప్రీంకోర్టు బ్రౌను కేసులో తీర్పు చెప్పివున్నది. జాతినిబట్టి పిల్లలను వేరువేరు బడులలో వుంచడం రాజ్యాంగ విరుద్ధమని దాని సారాంశం. తీర్పు వాషింగ్టనులో వెలువడినది గాని సమ్టర్ కౌంటీలో ఒక్క బల్ల కూడా జరగలేదు. బోర్డు సభ్యుడుగా బడులన్నీ తిరిగి చూచిన కార్టరుకు, చిన్ననాటినుండి కళ్ళముందున్నా కనబడని సంగతులు కనబడినాయి. తెల్లపిల్లలు వాడి వదలిన పాతపుస్తకాలే నల్లపిల్లల చేతికి వచ్చేవి. ఆయన బాల్యంలో తెల్లపిల్లలు బస్సులలో వెళ్ళుతుంటే నల్లపిల్లలు కాలినడకన బడికి పోయేవారు. తరువాత వారికీ బస్సులు వచ్చినవి కాని, వాటి ముందు మడ్‌గార్డులకు నల్లరంగు పూయాలని రాష్ట్ర శాసనసభే శాసించినదని ఆయన అనంతరకాలంలో వ్రాసుకొన్నాడు. బస్సులోని పిల్లల రంగేదో ఎదురు వచ్చే బండివానికి దూరంనుండే తెలియాలి గదా! విద్యకోసం సమావేశమైన శాసనకర్తల బుద్ధి ఎంత సూక్ష్మంగా పనిచేసినదో చూడండి.

ఇంత చూచిన మనిషి వెంటనే లేచి నిలబడి, ఈ అన్యాయం వీల్లేదని గర్జించినాడా అంటే, లేదు. ఆయన బోర్డులో వున్నంతకాలమూ ఆ కౌంటీ బడులు జాతిభేదంతోనే నడిచినాయి. వాటిని కలిపివేయాలని ఆయన బహిరంగంగా కోరిన దాఖలా లేదు. ఆయన కీర్తిని పాడేవారు ఈ మాట దాటవేయడం మంచిది కాదు. మరొక సంగతి కూడా అంతే నిజం. శ్వేతాధిపత్యాన్ని కాపాడటానికి ఊరూరా వెలసిన పౌరమండలిలో చేరమని పొరుగువారు వచ్చి అడిగినప్పుడు, చందా తామే కట్టుతామన్నప్పుడు కూడా, ఆయన చేరలేదు. ఆ వూరి పెద్దమనుషులలో చేరనివాడు తానొక్కడే. కొందరు ఆయన కొట్టుకు రావడం మానివేసినారు. గర్జించడానికీ తల వంచడానికీ నడుమ మనుషులు బ్రతికే చోటు చాలా వుంటుంది. కార్టరు ఆనాడు అక్కడ వున్నాడు.

తరువాత బోర్డు అధ్యక్షుడైనాడు. 1961 లో ఆయన ఒక ప్రణాళిక తెచ్చినాడు. కౌంటీలోని చిన్న హైస్కూళ్ళు విడివిడిగా వుంటే శాస్త్రాలకు ప్రయోగశాల లేదు, భాషలకు ఉపాధ్యాయుడు లేడు. కౌంటీ బడులనూ అమెరికస్ పట్టణపు బడులనూ ఒక్కటిగా చేస్తే మంచి చదువు చెప్పించవచ్చునని ఆయన వాదన. ఇది తెల్లపిల్లల బడుల ఏకీకరణే. జాతుల ఏకీకరణ కాదు. అయినా ఇవాళ బడులు కలిపినవాడు రేపు జాతులు కలపడా అన్న అనుమానం ప్రజలలో పాకినది. దానికితోడు, మా వూరి హైస్కూలు పోతుందన్న బాధ. ఈ బాధ ఏ దేశపు పల్లెకైనా సహజమే. దానిని ఎగతాళి చేయరాదు. స్వంత దాయాదులే ఎదురుతిరిగినారు. ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్పమైన తేడాతో ప్రణాళిక ఓడిపోయినది. ప్లెయిన్స్ గ్రామమే ఆయనకు వ్యతిరేకంగా వోటు వేసినది. కార్టరు కుటుంబాన్ని నల్లవారితో జతచేసి తిట్టే బల్ల ఒకటి ఆయన గోదాము ముందు వెలసినది. బోర్డు బల్లవద్ద కూర్చుని చేయగలిగిన దానికి ఒక హద్దున్నదని, ఆ హద్దు గీసేవారు రాష్ట్ర శాసనసభలో వున్నారని ఆయనకు అప్పుడు అర్థమైవుంటుంది.

ఆ శాసనసభ తలుపు మాత్రం సామాన్యునికి తెరచివుండేది కాదు. జార్జియాలో 159 కౌంటీలున్నవి. పార్టీ అభ్యర్థుల ఎంపికలో జనసంఖ్యను కాక కౌంటీని లెక్కించేవారు. పెద్ద కౌంటీలు ఎనిమిదికి తలా ఆరు యూనిట్లు, తరువాతి ముప్పదింటికి తలా నాలుగు, మిగిలిన 121 కౌంటీలకు తలా రెండు. అట్లాంటా నగరమున్న ఫుల్టన్ కౌంటీలో 1960 నాటికి అయిదున్నర లక్షల పైచిలుకు జనం; ఎకొల్స్ కౌంటీలో రెండువేల లోపు. దానికి ఆరు, దీనికి రెండు! అంటే ఎకొల్స్‌లో ఒక మనిషి మాట ఫుల్టన్‌లో 99 మంది మాటతో సమానం. ఈ లెక్క సుప్రీంకోర్టే కట్టి చూపినది. చిన్న కౌంటీని గుప్పిట్లో పెట్టుకొన్న మనిషి రాష్ట్రాన్నే గుప్పిట్లో పెట్టుకోవచ్చు. సెనేటు స్థానమైతే మూడేసి కౌంటీల నడుమ వంతులవారీగా తిరిగేది. 1962 లో న్యాయస్థానాలు ఈ కట్టడాన్ని పడగొట్టినవి. మార్చిలో బేకరు కేసు తీర్పు వచ్చినది. దాని వెంటనే జార్జియా యూనిట్ల పద్ధతి చెల్లదని ఫెడరల్ న్యాయస్థానం తేల్చినది. శాసనసభలో ఒక సభనైనా జనాభాను బట్టి పునర్విభజించాలన్న ఆజ్ఞ వచ్చినది. ఒక మనిషికి ఒక వోటు అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1963 మార్చిలో స్థిరపరచినది. సెనేటును 54 నియోజకవర్గాలుగా విభజించి, 1962 అక్టోబరు 16 న కొత్తగా అభ్యర్థుల ఎంపిక జరపాలని నిశ్చయించినారు.

అక్టోబరు 1 న కార్టరుకు 38 ఏళ్ళు నిండినవి. ఆ ఉదయం ఆయన గోదాము పనికి తొడిగే దుస్తులు కాక ఆదివారం దుస్తులు వేసుకొంటుంటే, ఎక్కడికని రోజలిన్ అడిగినది. అమెరికస్ వెళ్ళి సెనేటు అభ్యర్థిగా పేరు ప్రకటిస్తానని ఆయన సమాధానం. అంతవరకు భార్యతో మాటమాత్రం చెప్పలేదు! ఈ అలవాటు మంచిదికాదని ఆయనే తరువాత గ్రహించినాడంటారు. రాజకీయాల బురదలో ఎందుకు దిగుతావు, సేవ చేయదలిస్తే మతబోధకుడవు కారాదా అని ఇంటికి వచ్చిన ఒక ప్రచారకుడు మందలించినాడట. డెబ్బై అయిదువేల మంది వున్న చర్చికి బోధకుడుగా వుండటం మీకిష్టం కాదా అని కార్టరు ఎదురు ప్రశ్న వేసినాడట. ఆ నియోజకవర్గంలో ఏడు కౌంటీలున్నవి. వ్యవధి పదిహేను రోజులు. వేరుశనగ తీసే రోజులు కూడా అవే. ఆయన కారులో వూరూరా తిరిగి చేతులు కలిపినాడు. భార్య వోటర్ల జాబితా ముందు పెట్టుకొని టెలిఫోను చేసినది. ఎదిరి హోమర్ మూర్ కూడా పరువుగల వ్యాపారి. తరువాత జరిగిన దానిలో అతని చేయి వున్నదని ఎవరూ నిరూపించలేదు.

జరిగినది క్విట్‌మన్ కౌంటీ ముఖ్యస్థానమైన జార్జ్‌టౌన్‌లో. అక్కడ జో హర్స్ట్ అనే శాసనసభ్యుడు సర్వాధికారి. పింఛను చెక్కు చేతికందాలన్నా, కొడుకుకు ఉద్యోగం కావాలన్నా ఆయన దయ వుండాలి. పోలింగునాడు కార్టరు మిత్రుడు జాన్ పోప్ ఆ వూరి న్యాయస్థానం భవనంలోకి పోయి చూడగా, వోటువేసే మరుగుగదిని ఎవరూ వాడడం లేదు. అందరి కళ్ళముందు కౌంటరుమీదనే వోటు పత్రం గుర్తుపెట్టాలి. పక్కన హర్స్ట్ నిలబడి ఎవరి పేరు కొట్టివేయాలో చెప్పుతున్నాడు. వోట్లు పడేది తాళంవేసిన పెట్టెలో కాదు; రంధ్రంచేసిన అట్టపెట్టెలో. కార్టరు ఫిర్యాదు చేసినా పార్టీ పెద్దలు చెవిని పెట్టలేదు. లెక్క తేలేసరికి, మిగతా కౌంటీలు కలిపి ముందున్న కార్టరు, జార్జ్‌టౌన్ వోట్లతో వెనుకబడిపోయినాడు. ఆ వూరిలో వోటు వేసినవారు 333 మంది. పెట్టెలో వున్న పత్రాలు అంతకు ఎనభైకి పైగా ఎక్కువ. వోటర్ల జాబితాలో 117 మంది అక్షరక్రమంలో వరుసగా నిలబడి వోటు వేసినట్లున్నది! వారిలో కొందరు అప్పటికే చనిపోయినవారు, కొందరు వూరు విడిచినవారు, కొందరు జైలులో వున్నవారు. తరగతిలో హాజరు పిలిచినా పిల్లలు అంత క్రమశిక్షణతో పలకరు.

ఇట్టి సంగతులు అక్కడ కొత్త కాదు. ఓడినవాడు నోరు మూసుకొని ఇంటికిపోవడమే ఆచారం. కార్టరు పోలేదు. జార్జ్‌టౌనులో ఇల్లిల్లూ తిరిగి, జరిగినది కాగితం మీద చెప్పగల సాక్షులను వెదికినాడు. భయపడి మొదట తలుపు వేసుకొన్నవారిలో కొందరు తరువాత సంతకం చేసినారు. ఈ కథలో అందరికంటె ధైర్యవంతులు వారేనేమో. అభ్యర్థి ఓడితే తన వూరు పోతాడు, వారు రేపు హర్స్ట్ ముందే బ్రతకాలి. అట్లాంటా జర్నల్ పత్రిక విలేఖరి జాన్ పెన్నింగ్టన్ ఆ వూరు వచ్చి, చచ్చినవారి వోట్ల కథను రాష్ట్రమంతటికీ చెప్పినాడు. అట్లాంటానుండి చార్లెస్ కిర్బో అనే న్యాయవాది వచ్చినాడు; నెమ్మదిగా మాట్లాడే మనిషి. నవంబరు మొదటివారంలో న్యాయమూర్తి కార్ల్ క్రో ముందు ఆ పెట్టె తెరచి చూచినారు. దానిలో వుండవలసిన వోటు పత్రాల ప్రతిచీటీలు లేవు. ఇట్టి పెట్టె వోట్లు లెక్కకు రావని న్యాయమూర్తి నిర్ణయించినాడు. వాటిని తీసివేయగా గెలుపు కార్టరుది.

అంతటితో తీరలేదు. సాధారణ ఎన్నిక నవంబరు 6. మూర్ వర్గం మరొక న్యాయస్థానానికి పోగా, ఎన్నిక తెల్లవారితే అనగా అర్ధరాత్రివేళ, ఇద్దరి పేర్లూ వోటు పత్రం మీదనుండి కొట్టివేయమని, వోటర్లు తమకు కావలసినవాని పేరు స్వహస్తంతో వ్రాసి వోటు వేయవలెనని ఆజ్ఞ వచ్చినది. కార్టరు పేరు వ్రాసినవారు 3,013 మంది, మూర్ పేరు వ్రాసినవారు 2,182 మంది. 831 వోట్ల మెజారిటీ. ఈసారి క్విట్‌మన్ కౌంటీలోనూ కార్టరుకే ఎక్కువ వోట్లు వచ్చినవి. 1963 జనవరిలో సభ కూడేవరకు ఆ స్థానం తనదో కాదో ఆయనకే నమ్మకం లేదు. ప్రమాణస్వీకారంతో అనుమానం తీరినది. హర్స్ట్‌ను తరువాత ఇంకొక ఎన్నికలో వోట్ల మోసానికి న్యాయస్థానం దోషిగా నిర్ణయించినది.

సభలోకి వచ్చిన కొత్త సభ్యుడు, తాను వోటు వేసే ప్రతి బిల్లునూ ముందు పూర్తిగా చదువుతానని మాట యిచ్చివున్నాడు. బిల్లులు కట్టలకు కట్టలు. మాట తప్పలేక, వేగంగా చదవడం నేర్పే తరగతులకు వెళ్ళినాడు! విద్యా సంఘంలో స్థానం అడిగి పుచ్చుకొన్నాడు; తన ప్రాంతపు జార్జియా సౌత్‌వెస్టర్న్ కళాశాలను నాలుగేళ్ళ డిగ్రీ కళాశాలగా చేయించడానికి పాటుబడినాడు. సభలో ఆయన మొదటి ఉపన్యాసం నల్లవారిని వోటర్లుగా నమోదు కాకుండా ఆపే 30 ప్రశ్నల పద్ధతికి వ్యతిరేకంగా. ఆ ప్రశ్నలకు అడిగే అధికారి సైతం జవాబు చెప్పలేడు. పాఠశాల బోర్డులో పెదవి విప్పనివాడు ఇక్కడ విప్పినాడు.

ఆ తరువాతి సంగతులు లోకవిదితాలు: 1971 లో గవర్నరు పదవి, 1977 లో అధ్యక్ష పదవి, 1979 లో అమెరికాకు ప్రత్యేక విద్యాశాఖ స్థాపన, 2002 లో నోబెల్ శాంతి బహుమానం. ఆయన తల్లి లిలియన్ అరవయ్యో పడి దాటాక బొంబాయి దగ్గరి విక్రోలీకి వచ్చి నర్సుగా సేవచేసిన సంగతి మన పాఠకులలో కొందరికి తెలిసేవుంటుంది. ఆ సెనేటు ఎన్నిక మీద కార్టరు 1992 లో ఒక పుస్తకమే వ్రాసినాడు. అధ్యక్ష పదవి దిగిన తరువాత ఆయన నెలకొల్పిన కార్టరు కేంద్రం దేశదేశాలలో నూరుకు పైగా ఎన్నికలను పరిశీలించినది. 1989 మే నెలలో పనామాలో సైనికాధిపతి నొరియేగా వర్గం వోట్ల లెక్కలు తారుమారు చేస్తుంటే, ఆ లెక్క దొంగలెక్క అని అక్కడికక్కడే పత్రికలవారి ముందు చెప్పినవాడు ఆయనే. అప్పటికి జార్జ్‌టౌన్ అట్టపెట్టె తెరచి 26 సంవత్సరాలు దాటినవి.