వేట బోటుపై సోలార్ పలకలు: ఎన్ని వాట్లు కావాలి, ఎక్కడ బిగించాలి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. గిలకలదిండి హార్బరులోనైనా, నాగాయలంక రేవులోనైనా ఇంజిను మరమ్మతులు, రంగులు, వలల బాగు అన్నీ ఈ రోజుల్లోనే జరుగుతాయి. సోలార్ పలకలు బిగించుకోవడానికి కూడా ఇదే సరైన సమయం. పొలానికి సోలార్ పంపు గురించి అడగడానికి వచ్చే దివిసీమ రైతుల్లో చాలామందికి సముద్రంతో కూడా పని ఉంటుంది. పంపు మాట అయ్యాక బోటు మాట ఎత్తుతారు. అందుకే వ్యవసాయ శాఖ మనిషినైనా ఈ విషయం రాస్తున్నాను.

బోటులో బ్యాటరీ దిగిపోతే లైట్లు ఒక్కటే ఆరిపోవు. వీహెచ్ఎఫ్ రేడియో సంగతి చూడండి. బ్యాటరీ బలహీనపడినా అవతలివారి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. వినడానికి అర ఆంపియరు కూడా పట్టదు కాబట్టి. మనం మాట్లాడబోయి మీట నొక్కితే 5 ఆంపియర్లు కావాలి. ఆ క్షణంలో సెట్టు ఆగిపోతుంది. తుపాను హెచ్చరిక విని కూడా మనం ఎక్కడున్నామో 16వ ఛానెల్‌లో చెప్పలేని పరిస్థితి అది. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి మన పడవల్లో రేడియో లేదు. ఇవాళ రేడియో ఉంది. దానికి కరెంటు ఉండేలా చూసుకోవడం మన చేతిలో పని.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

అంగడికి వెళ్లి "బోటుకు ఒక పలక ఇవ్వండి" అని అడగకండి. మీ బోటుకు రోజుకు ఎంత కరెంటు కావాలో ముందు కాగితం మీద వేసుకోండి. నాలుగైదు రోజులు వేటలో ఉండే ఒక మర బోటు లెక్క ఇలా ఉంటుంది.

5 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు రాత్రంతా వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 18 ఆంపియర్ అవర్లు పడతాయి. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు దారి దీపాలకు 8. జీపీఎస్, చేపల జాడ చూపే పరికరం కలిపి 20. రేడియో వినడానికి 10, మాట్లాడడానికి 2. కళాసీల ఫోన్లు నాలుగు ఛార్జి చేస్తే 8. మొత్తం 66 ఆంపియర్ అవర్లు, అంటే సుమారు 800 వాట్ అవర్లు.

ఇప్పుడు పలక ఎంత ఇస్తుందో చూద్దాం. 100 వాట్ల పలక రోజంతా 100 వాట్లు ఇవ్వదు. మన తీరంలో రోజుకు నాలుగున్నర గంటల నిండు ఎండ అని లెక్క వేసుకోండి. వేడికి, ఉప్పు పొరకు, వైర్లకు, కంట్రోలరుకు పోగా మూడింట రెండు వంతులు మిగులుతుంది. అంటే 100 వాట్లకు రోజుకు 25 ఆంపియర్ అవర్ల లోపే. ఈ బోటుకు 300 వాట్లు కావాలి. ముసురు పట్టిన రోజుల్లో ఇందులో సగం కూడా రాదు. ఆ లోటు ఇంజిను ఆల్టర్నేటరు పూడ్చాల్సిందే.

తెల్లవారుజామున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ఫైబర్ పడవకు ఇంత అక్కర్లేదు. రెండు బల్బులు, జీపీఎస్, రెండు ఫోన్లకు 75 నుంచి 100 వాట్ల పలక ఒకటి, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతాయి.

సోలారుతో ఇంజినే నడపొచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. కేరళలో వైకం దగ్గర 2017 నుంచి 'ఆదిత్య' అనే సోలార్ ఫెర్రీ తిరుగుతున్న మాట నిజమే. 75 మంది ఎక్కే ఆ బోటు కప్పు మీద 20 కిలోవాట్ల పలకలున్నాయి. అది నడిచేది నిలకడ నీటిలో, దగ్గరి దూరానికి. మన వేట బోటు మీద అంత చోటు లేదు. సముద్రం అలా ఊరుకోదు కూడా.

చౌకగా వచ్చిన పెద్ద పలక

దివిసీమలో ఒక బోటు యజమాని ఇంటి కప్పు మీద పెట్టే 330 వాట్ల పలక చౌకగా దొరికిందని తెచ్చి, మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలరుతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపించారు. అమ్మినవారు ఏమీ చెప్పలేదట. వాట్లు 330 ఉన్నా బ్యాటరీ నిండడం లేదని నన్ను అడిగారు. ఆ పలక పనిచేసేది 37, 38 వోల్టుల దగ్గర, ఇచ్చేది 9 ఆంపియర్ల లోపు. పీడబ్ల్యూఎం కంట్రోలరు పలకను బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 13 వోల్టులను 9 ఆంపియర్లతో గుణిస్తే 117 వాట్లు. మూడింట రెండు వంతులు గాలికి పోయినట్టే. అదృష్టం ఏమిటంటే ఆయన కంట్రోలరు కాలిపోలేదు. ఎంపీపీటీ కంట్రోలరు మార్చాక అదే పలక సరిగా పనిచేసింది.

కాబట్టి పీడబ్ల్యూఎం వాడేటట్లయితే 36 సెల్స్ ఉన్న '12 వోల్టుల' పలకే కొనాలి. పెద్ద పలక కొంటే ఎంపీపీటీ తప్పనిసరి. పలక వెనుక చీటీ మీద ఈ వోల్టేజీ రాసి ఉంటుంది, చదివాకే డబ్బు ఇవ్వండి. సముద్రానికి పనికొచ్చే పలక ఉప్పు గాలి పరీక్ష, అంటే ఐఈసీ 61701, నెగ్గి ఉండాలి. ఆ కాగితం అడగడానికి మొహమాటపడొద్దు. వంగే పలకలు తేలికగా ఉంటాయి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ క్యాబిన్ కప్పుకు అంటించేస్తే అడుగున గాలి ఆడక వేడెక్కి త్వరగా పాడవుతాయి. నా సలహా అడిగితే గాజు పలకే మేలు.

ఇంకో మాట. పీఎం కుసుమ్ సబ్సిడీ పంపులకు, సూర్యఘర్ ఇంటి కప్పులకు. బోటు పలకలను వాటిలో ఇప్పిస్తామని ఎవరైనా ముందుగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

నీడే అసలు శత్రువు

పొలంలో పంపు పలకను దక్షిణం వైపు వాల్చి పెడతాం. బోటు ముక్కు ఏ వైపు తిరుగుతుందో తెలియదు, కాబట్టి పలకను దాదాపు సమంగా పరవాలి. వాన నీరు జారడానికి కొద్దిపాటి వాలు చాలు. దీనివల్ల పెద్ద నష్టం లేదు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు.

నీడ సంగతి అలా కాదు. పలకలోని సెల్స్ పూసల దండలా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద వల స్తంభం నీడ పడితే సగం పలక పని ఆగిపోవచ్చు. నీటి పైపును ఒక చోట నొక్కితే మొత్తం ధార తగ్గినట్టే. స్తంభం, తాళ్లు, జెండా కర్ర, ఆరేసిన వల, తెరచాప ఎత్తే పడవైతే ఆ చాప, అన్నీ చూసుకోవాలి. పలక కంటే స్తంభం ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం ఉంటే ఎండ బాగా ఉన్న వేళ చాలావరకు నీడ తప్పుతుంది. బోటు మీద అంత ఎడం దొరకదు. అలాంటప్పుడు ఒక పెద్ద పలక బదులు రెండు చిన్నవి కొని, క్యాబిన్ కప్పుకు చెరొక వైపు పెట్టి, సమాంతరంగా కలపండి. ఒకదాని మీద నీడ పడినా రెండోది పనిచేస్తుంది. కళాసీలు తడి బట్టలు పలక మీద ఆరేయకుండా సరంగు గట్టిగా చెప్పాలి. ఇది నవ్వులాట కాదు, నేను చాలా బోట్ల మీద చూశాను.

బిగింపు

పలక కింద నాలుగు అంగుళాల ఖాళీ ఉంటే గాలి ఆడి చల్లబడుతుంది. వేడి డిగ్రీ పెరిగేకొద్దీ దిగుబడి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. అయితే ఆ ఖాళీలోకే ఈదురుగాలి దూరి పలకను పైకి లేపుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 45 కిలోల ఒత్తిడి పడుతుంది. రెండు స్క్రూలతో ఫైబర్ కప్పుకు బిగిస్తే చాలదు. బోల్టు కప్పును దాటి కిందికి రావాలి, లోపలి నుంచి వెడల్పాటి రేకు వేసి నట్టు బిగించాలి, రంధ్రం చుట్టూ సీలెంట్ పెట్టాలి.

బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. 304 రకం కూడా మెరుస్తుంది కానీ ఉప్పు నీటికి మచ్చలు పడుతుంది. స్టీలు, అల్యూమినియం తాకే చోట నైలాన్ వాషరు పెట్టకపోతే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఫ్రేము ఆటోనగర్‌లో చేయించినా ఈ వాషర్లు మీరే కొని ఇవ్వండి.

వైరులో పొదుపు చేయకండి. పలక నుంచి బ్యాటరీకి ఆరు మీటర్ల దూరంలో 12 ఆంపియర్లు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో వెళితే ఒక వోల్టు దారిలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం సగానికి పైగా తగ్గుతుంది. తగరం పూత ఉన్న రాగి వైరైతే ఉప్పుకు నల్లబడదు. ప్లస్, మైనస్ వైర్లు రెండూ మెలిపెట్టి తీసుకెళ్లండి, దిక్సూచికి దూరంగా ఉంచండి. లేకపోతే ముల్లు తప్పు దిక్కు చూపుతుంది. చౌక కంట్రోలరు వల్ల రేడియోలో గరగర వస్తే దాన్ని యాంటెన్నా వైరుకు దూరంగా జరపండి.

బ్యాటరీ

ఇంజిను స్టార్టు చేసే బ్యాటరీని లైట్లకు వాడకండి. రేడియో, లైట్లకు వేరే బ్యాటరీ ఉండాలి. సీసం బ్యాటరీలో సగమే వాడాలి. రోజుకు 66 ఆంపియర్ అవర్లు కావాలంటే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టుకోండి. గంటసేపు ఏమీ వాడకుండా ఉంచి మీటరు పెడితే 12.2 వోల్టులు చూపిస్తే సగం అయిపోయిందని అర్థం. బోటు ఒరిగినా జారకుండా పట్టీతో కట్టి, గాలి పోయే పెట్టెలో ఉంచండి. ప్లస్ టెర్మినలుకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. కంట్రోలరుకు ముందు బ్యాటరీ, తర్వాత పలక కలపాలి. విప్పేటప్పుడు ముందు పలక విప్పాలి.

రేవుకు వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే, పలక వేడెక్కకముందు, మంచినీళ్లతో తుడవండి. తీరప్రాంతంలో బోరు నీరు ఉప్పగా ఉంటే అది వాడినా ఉప్పు పొర మళ్లీ మిగిలిపోతుంది. జూన్‌లో మొదటి వేటకు బయలుదేరేముందు ఒక రాత్రి రేవులోనే లైట్లన్నీ వేసి ఉంచండి. తెల్లవారి రేడియో మీట నొక్కి పక్క బోటుతో ఒక మాట మాట్లాడి చూడండి. సెట్టు ఆగిపోతే బ్యాటరీనో, వైరునో గట్టు మీదే సరిచేసుకోవచ్చు. తీర రక్షక దళం ఉచిత నంబరు 1554ను క్యాబిన్ తలుపు మీద పెయింటుతో రాయించుకోండి.