రుద్దకు, మోకాలు మడువు

ఏరా చిన్నోడా, కబడ్డీకని వెళ్లినవాడివి కుంటుకుంటూ వచ్చావేం? ఎదుటివాడి మోకాలు తొడ మీద దిగిందా? ఇలా మంచమ్మీద కూర్చో. మీ నాయనమ్మ అప్పుడే ఆముదం వెచ్చబెడుతోంది, బాగా రాసి మర్దనా చేస్తుందట. కాస్త ఆగమని చెప్పు. తొడ మీద తగిలిన దెబ్బకి మొదటి శత్రువు ఆ మర్దనాయే.

తొడ ముందువైపు నాలుగు కండరాలు ఒక జట్టుగా ఉంటాయిరా. మోకాలు చాపేది అవే. కుర్చీలోంచి లేచినా, మెట్లెక్కినా, బంతి తన్నినా చాకిరీ వాటిదే. వాటి వెనక తొడ ఎముక, ఒంట్లోకెల్లా పొడుగైంది. ఎదుటివాడి మోకాలు రోకలి, నీ ఎముక రోలు, మధ్యన నలిగింది కండరం. అందుకే దెబ్బ పైన తగిలినా, ఎముకని అంటిపెట్టుకున్న లోపలి కండరమే ఎక్కువ నలుగుతుంది. చర్మం చెక్కుచెదరదు గానీ లోపల సన్నటి రక్తనాళాలు చిట్లి నెత్తురు ఊరుతుంది.

కండరం చుట్టూ ఉండే పల్చటి పొర చిరిగితే ఆ నెత్తురు సందుల్లోంచి కిందికి జారి, రెండు మూడు రోజులకి మోకాలి దగ్గర నల్లగా తేలుతుంది. దెబ్బ ఇక్కడ, మచ్చ అక్కడ అని జనం హడలిపోతారు. నిజానికి ఇదే నయం. పొర చిరక్కపోతే నెత్తురు లోపలే బందీ అయిపోతుంది. తొడ గట్టిపడుతుంది, మోకాలు మడవనివ్వదు, బయట మచ్చే ఉండదు. మచ్చ లేదు గనక ఏం కాలేదులే అనుకునేవాళ్లే ఎక్కువ రోజులు కుంటుతారు.

ఆ మచ్చ రంగులు మార్చడం గమనించావా? చిందిన నెత్తుటిని శుభ్రం చేయడానికి ఒక రకం తెల్లకణాలు వస్తాయి. అవి హీమోగ్లోబిన్‌ని విరగ్గొడితే ముందు ఆకుపచ్చటి బిలివర్డిన్, తరవాత పసుప్పచ్చటి బిలిరుబిన్ తయారవుతాయి. పచ్చకామెర్లలో కళ్లని పచ్చగా చేసేది కూడా ఈ బిలిరుబినే. మచ్చ పసుపు తిరిగిందంటే శుభ్రం చేసే పని జోరుగా సాగుతోందన్నమాట.

ఇక ఆముదం సంగతి. వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుంటాయి, రుద్దితే అప్పుడే గడ్డకడుతున్న చోటు మళ్లీ చిట్లుతుంది. ఆగబోయే నెత్తురుని మనమే పారించినట్టవుతుంది. అంతకంటే చిత్రం, కొందరికి నలిగిన కండరంలో ఎముక మొలుస్తుంది! నిజంగా ఎముకే, మూడు నాలుగు వారాలకి ఎక్స్‌రేలో కనబడుతుంది. దీన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం వైద్యులు 1991లో ప్రచురించిన లెక్కలో, ఇలాంటి దెబ్బ తిన్న కుర్రాళ్లలో నూటికి తొమ్మిదిమందికి ఇలా అయింది. కాబట్టి మొదటి కొన్ని రోజులు కాపడం వద్దు, మర్దనా వద్దు, మంట పుట్టించే బామ్‌లూ వద్దు.

మరేం చెయ్యాలి? కాలు చాపుకుని పడుకోవాలనిపిస్తుంది కదూ, అది కాదు పద్ధతి. ఆ వెస్ట్ పాయింట్‌లోనే ఒకప్పుడు కాలు చాపి కట్టేవారు, కోలుకోవడం ఆలస్యమయ్యేది. తరవాత మడిచి ఉంచడం మొదలెట్టారు. 2006లో అమెరికా నౌకాదళ అకాడమీ వైద్యులు ఇంకో అడుగు ముందుకేశారు. దెబ్బ తగిలిన కాసేపటికే మోకాలిని 120 డిగ్రీలకి, అంటే మడమ పిర్రల వైపు బాగా వచ్చేలా మడిచి, ఒక రోజంతా అలాగే కట్టి ఉంచారు. సగటున మూడున్నర రోజుల్లో కుర్రాళ్లు ఆటలోకొచ్చేశారు. పోల్చి చూడ్డానికి పక్కన ఇంకో జట్టుని పెట్టలేదు గనక ఇదే ఆఖరి మాట అనను. కానీ మడిస్తే కండరం సాగి బిగుస్తుంది, నెత్తురు చేరడానికి చోటు తగ్గుతుంది. ఆ తర్కం నాకు నచ్చింది. నువ్వు మాత్రం తాళ్లు పెట్టి కట్టుకోకు. నొప్పి ఓర్చుకోగలిగినంత మడిచి, కింద దిండు పెట్టుకో. పైన గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట, రెండు మూడు గంటలకోసారి. ఐసు నొప్పి తగ్గించేదే తప్ప గాయం మాన్పేది కాదు, దాని మీద మరీ ఆశలు పెట్టుకోకు.

ఒకటి రెండు రోజులయ్యాక మోకాలు ఎంత మడుస్తున్నావో చూద్దాం. కుర్చీలో కూర్చున్నంత, అంటే 90 డిగ్రీలు దాటితే తేలిక దెబ్బ. 45 కూడా రాకపోతే గట్టి దెబ్బ. వెస్ట్ పాయింట్ లెక్కలో తేలిక దెబ్బకి సుమారు 13 రోజులు పట్టింది, గట్టిదానికి 21. ఈలోగా మెల్లగా మడుస్తూ చాపుతూ ఉండాలి, బలవంతాన సాగదీయకూడదు. కండరపు పోగుల పక్కనే నిద్రపోతున్న మూలకణాలు ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే ఆయన కప్ప కండరంలో వీటిని మొదట చూశాడు. దెబ్బ తగిలితే అవి మేలుకుని కొత్త పోగులు అల్లుతాయి. నొప్పి రానంత మేర కాలు ఆడిస్తుంటే ఆ పోగులు వరసగా అమరుతాయి, బొత్తిగా ఆడించకపోతే కండరం పీల్చుకుపోతుంది.

రాత్రికి తొడ రాయిలా బిగిసి, నొప్పి గంటగంటకీ పెరిగి, పాదం తిమ్మిరెక్కితే తెల్లారేదాకా ఆగకుండా నన్ను లేపు, ఆసుపత్రికి పోదాం. నాలాగా రక్తం పలచబరిచే మాత్రలు మింగేవాళ్లయితే చిన్న దెబ్బకే డాక్టర్ని చూడాలి.

మళ్లీ కూతకి ఎప్పుడంటావా? రెండు మడమలూ ఒకే తీరుగా పిర్రల్ని అందుకోవాలి. గొంతుక్కూర్చుని లేచినా, పరిగెత్తి చటుక్కున ఆగినా తొడ పట్టెయ్యకూడదు. ఈ లోపల ఇంకో మోకాలు అక్కడే తగిలితే నెల రోజులు బయట కూర్చుని స్కోరు రాయాల్సిందే.