కుక్కపిల్ల వచ్చుటకు ముందు ఇల్లు సిద్ధపఱచుట

సెలవులు వచ్చినంతనే కుక్కపిల్లను దెచ్చుకొందుమని బాలబాలికలు తలిదండ్రులను వేడుకొనుట మన ఇండ్లలో సామాన్యము. కోరిక మంచిదే. కాని పడుకొనుటకు గోనెపట్టయైన లేక, నీటిగిన్నె లేక, అన్నము పెట్టువారెవరో నిర్ణయము లేక తెచ్చిన పిల్ల కొలది వారములలోనే రోగముచే మరణించుటయో, వీధిపాలగుటయో తఱచు సంభవించును. కావున ముందుగా జేయవలసిన పనులను గ్రమముగా వివరింతును.

గోపురము గట్టదలచినవానిగూర్చి ప్రభువు చెప్పిన యుపమానము మనమందఱము ఎఱిగినదే. ఇచ్చటను మొదటి పని లెక్క చూచుకొనుటయే. కుక్క సామాన్యముగా 10 మొదలు 13 సంవత్సరములు జీవించును. ఆఱవ తరగతి బాలుడు నేడు తెచ్చిన పిల్ల, అతడు కళాశాల చదువు ముగించునాటికిని ఆ యింటనే యుండవచ్చును. ఉదయమున నెవరు త్రిప్పుదురు? బాలుడు వసతిగృహమునకు బోయిన పిమ్మట నెవరు పెంచుదురు? టీకాలకు సొమ్మెక్కడిది? ఈ ప్రశ్నలకు ఇంటివారందఱు గూర్చుండి యుత్తరము చెప్పుకొనవలెను. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును విడిచివేయుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమనియు తెలిసికొనవలెను.

ఎనిమిది వారములు నిండని పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. తోడిపిల్లలతో నాడుకొనుచునే అది కొఱుకుటలో మితము నేర్చుకొనును. జాతి విషయమునను విచారింపవలెను. కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుటచేతనే ముఖ్యముగా చల్లబడును. కావున సైబీరియా మంచు ప్రదేశములకు దగిన దట్టమైన బొచ్చుగల హస్కీ వంటి జాతులు మన వేసవిలో మిక్కిలి బాధపడును. మన నాటుకుక్క ఈ యెండకు అలవాటుపడినది, తెలివిగలది, ధరయు లేదు.

పిల్లకు ఇంటిలో నొక మూల నేర్పఱపవలెను. అచ్చట ఎండ, వానజల్లు, పొయ్యిసెగ తగులరాదు. మనుష్యుల సందడికి మఱీ దూరమును గారాదు. గోనెపట్టపై పాతదుప్పటి పఱచిన చాలును. అంతకుముందు ఆ యింట నొక కుక్క రక్తవిరేచనములతో మరణించియున్నచో మఱింత జాగ్రత్త వలయును. పార్వో యను సూక్ష్మక్రిమి నేలయందు నెలలకొలది జీవించియుండును. అట్టి యింట బ్లీచింగు పొడి కలిపిన నీటితో నేలను, గిన్నెలను గడిగి, పాత పడకను గాల్చివేసి, టీకాలు పూర్తియైన పిల్లనే తీసికొనిరావలెను.

పిమ్మట కుక్కపిల్ల యెత్తున వంగి ఇల్లంతయు బరిశీలింపుడు. వ్రేలాడు విద్యుత్తు తీగలు, సూదులు, గుండీలు, మాత్రలు, ఎలుకలమందు, పురుగులమందు దానికి అందకుండ నుంచవలెను. పెరటిలోని గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు విషములు. బావికి, నీటితొట్టికి మూత యుండవలెను. ప్రహరీ క్రింది సందులను మూయవలెను.

సమకూర్చవలసిన వస్తువులు కొన్నియే: ఒరగని బరువైన గిన్నెలు రెండు, మెత్తని మెడపట్టీ, త్రాడు, దువ్వెన, పాత వార్తాపత్రికలు, కొఱుకుటకు గట్టి బొమ్మ యొకటి. మెడపట్టీక్రింద రెండు వ్రేళ్లు దూరునంత వదులుండవలెను. బొమ్మ యేల యందురా? పిల్లకు 28 పాలపండ్లుండును. నాలుగవ మాసమునుండి అవి యూడి, క్రమముగా 42 పండ్లు వచ్చును. అప్పటి చిగుళ్ల దురదకు బొమ్మ లేనిచో మన చెప్పులే గతి.

ఆహారము మొదటి దినములలో పూర్వపు యజమాని పెట్టినదే పెట్టి, ఒక వారములో మెల్లగా మార్చవలెను. మూడు నెలలవఱకు దినమునకు నాలుగు పూటలు, ఆఱు నెలలవఱకు మూడు, తరువాత రెండు పూటలు చాలును. మెత్తని అన్నములో ఉడికించిన గ్రుడ్డుగాని, ఎముకలు దీసిన మాంసముగాని కలుపవచ్చును. ఉప్పు కారములు వలదు. ఆవుపాలు అధికమైనచో విరేచనములగును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్టు కుక్కకు హానికరములు. ఉడికిన కోడియెముక చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును.

నిద్ర లేచినవెంటనే, తిన్నవెంటనే, ఆడినవెంటనే పిల్లను ఒకే చోటికి దీసికొనిపోయి, అచ్చట మలమూత్రములు విడిచినప్పుడు మెచ్చుకొనవలెను. తప్పు చేసినదని కొట్టుటవలన భయము తప్ప బుద్ధి రాదు. మొదటి రాత్రులు తల్లికై యేడ్చును. దగ్గఱ నొకరు పడుకొన్నచో త్వరగా నెమ్మదించును.

పిల్ల రాకముందే పశువైద్యుని చూచి మాటాడియుంచుట మేలు. నులిపురుగులమందు, ఆఱు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా, పదునాఱు వారములవఱకు మూడు నాలుగు వారముల కొకమాఱు మఱల టీకా వేయింపవలెను. వెఱ్ఱికుక్క వ్యాధికి టీకా సుమారు మూడవ మాసమున వేయించి, ఏడాదికి మఱల వేయింపవలెను.

ఈ చివరి టీకా సంగతి తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలెను. చిన్నపిల్ల గోటిగీతయే గదా, పంటిగాటే గదా యని బాలురు ఇంట జెప్పరు. చెప్పినను పెద్దలు నవ్వి యూరకుందురు. కాని చిన్నపిల్లకును ఆ వ్యాధి రావచ్చును. లక్షణములు పొడచూపిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట దాదాపు అసాధ్యము. గాయమును వెంటనే సబ్బుతో, పాఱు నీటిక్రింద 15 నిమిషములు గడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. ఆ దినముననే వైద్యశాలకు బోయి, వైద్యుడు చెప్పిన టీకాల నన్నిటిని వేయించుకొనవలెను. బొడ్డుచుట్టు సూదులు పొడుచు పాతమందు మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. నేటి టీకా చేతికే వేయుదురు. కావున భయపడి దాచుటకు గారణము లేదు. కొట్టరని తెలిసిన బిడ్డయే గాయమును జూపును. కుక్కపిల్ల కొఱకు ఇల్లు సిద్ధపఱచునప్పుడు ఈ ధైర్యమును గూడ బిడ్డలకు ముందే యీయవలెను.

విద్యార్థులారా! పైన జెప్పినవానిలో ఖరీదైన వస్తువులు మిక్కిలి తక్కువ; క్రమము, ఓర్పు, జ్ఞాపకము గావలసిన పనులే యెక్కువ. వాని కన్నిటికి ఇంటివారు సమ్మతించినచో పిల్లను సంతోషముతో దెచ్చుకొనుడు. ఇంకను వీలుపడనిచో ఒక యేడాది యాగుడు. నోరులేని ప్రాణిని మన చేతికి అప్పగించిన సృష్టికర్తకు, దాని పోషణను గూర్చి మనము లెక్క యొప్పజెప్పవలసియున్నది.