ఫ్రీబీఎస్‌డీ గృహమున లైనక్సు అతిథి



కంప్యూటరును నడపు మూలవ్యవస్థలు పెక్కు గలవు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పుట్టిన బీఎస్‌డీ వంశమునకు చెందిన ఫ్రీబీఎస్‌డీ 1993లో వెలువడినది. లైనక్సును 1991లో హెల్సింకి నగరమున లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. రెండును యూనిక్సు సంప్రదాయమువే. అయినను ప్రోగ్రాము మూలవ్యవస్థను సేవ కోరు సంకేతములు వేఱు. అన్నదమ్ముల పెట్టెలు ఒకే తీరున నున్నను, ఒకరి తాళపుచెవి వేఱొకరి పెట్టెకు పట్టదు గదా!

ఫ్రీబీఎస్‌డీ లైనక్సు ప్రోగ్రామును ఆనవాలు పట్టి, లైనక్సు సంకేతముల పట్టిక ననుసరించి తానే నేరుగా బదులిచ్చును. కాని అంతమాత్రమున చాలదు. మడి కట్టుకొను అతిథికి చెంబు, పీట ఆయన కలవాటైన తావుననే యుండవలెను. అందులకై ‘/కంపాట్/లైనక్స్’ అను వేఱు గది యేర్పఱచి, లైనక్సు సామగ్రి నందుంతురు.

ఆ గదికి కొన్నింటిని మౌంటు చేయవలెను. మౌంటనగా చెట్టుకొమ్మకు అంటుకట్టుటవంటిది. ‘ప్రోక్’ అను చోట నడుచుచున్న పనుల లెక్కలుండును. చిత్రమేమనగా ఆ లెక్కలు డిస్కుపై నుండవు. అడిగినప్పుడే మూలవ్యవస్థ వ్రాసి చూపును. ‘సిస్’, ‘డెవ్’ అనునవి పరికరములకు సంబంధించినవి. ‘డెవ్’ లోని ‘ఎస్‌హెచ్ఎమ్’ ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను జ్ఞాపకస్థానము. ఇపుడు లైనక్సు సేవను ప్రారంభించిన యెడల ఈ యంట్లను అదియే కట్టును. ‘హోమ్’ను మాత్రము మనమే ‘నల్ఎఫ్ఎస్’ అను పద్ధతిచే కట్టి, ఆ పంక్తిని ‘ఎఫ్‌స్టాబ్’ పట్టికలో ‘లేట్’ అను మాటతో చేర్చవలెను. లేట్ అనగా యంత్రము లేచునపుడు ఇతర మౌంట్ల పిదప కట్టుమని యర్థము.

ఇది తెలియక నేనొకమాఱు కలవరపడితిని. మా ప్రాంతపు సేద్యపు మాటల నిఘంటువును నాలుగు మాసములు ఆ గదినే మూలస్థానముగా నెంచు లైనక్సు ప్రోగ్రాములో వ్రాసితిని. పుటలన్నియు గదిలోపలి ‘హోమ్’లోనే చేరినవి. మా మనుమడు నా మేలుకోరి ఒకనాడు అసలు ‘హోమ్’ను దానిపై మౌంటు చేసెను. మఱునాడు చూడగా ఒక్క పుటయు లేదు! నాకు అన్నము సహింపలేదు.

“తాతగారూ, పుటలు పోలేదు, అంటు క్రింద మఱుగుపడినవి” అని వాడు మౌంటు విప్పెను. కాడి, మేడి, కఱ్ఱు మొదలుకొని మాటలన్నియు అట్లే యున్నవి. వానిని అసలు ‘హోమ్’లోనికి నకలు తీసికొని, ఒక్కొక్క పుటయు సరిచూచుకొనిన పిమ్మటనే మరల మౌంటు కట్టనిచ్చితిని.