మందుల చీటీ కూడా ఒక పర్మిటే

విద్యుత్ పరికరాల నిర్వహణలో దాదాపు మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్న నాకు ఒక నియమం ఒంటబట్టిపోయింది. యంత్రం ట్రిప్ అయినప్పుడు రిలేలు చూపిన సంకేతాలను ముందుగా పుస్తకంలో నమోదు చేయాలి. ఆ తరువాతే రీసెట్ చేయాలి. సంకేతాలు చెరిగిపోతే లోపం ఎక్కడున్నదో కనిపెట్టడం దుర్లభం. కర్మాగారంలో తు.చ. తప్పక పాటించిన ఈ నియమాన్ని నేను నా ఇంటిలోనే ఉల్లంఘించాను.

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం మా అమ్మగారికి చలిజ్వరం వచ్చింది. అంతకు ముందెప్పుడో నాకు రాసిన యాంటీబయోటిక్ మాత్రలు నాలుగు బీరువాలో మిగిలి ఉన్నాయి. డిస్పెన్సరీ దాకా వెళ్లడమెందుకని వాటినే వేయించాను. జ్వరం తగ్గినట్లే తగ్గి మూడవనాడు తిరగబెట్టింది. ఆసుపత్రిలో చేయించిన కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ బయటపడలేదు. "ముందే ఏమైనా మందు వేశారా?" అని డాక్టరుగారు అడిగినప్పుడు నా తల వాలిపోయింది. అరకొర మందుకు క్రిమి నశించకపోయినా, పరీక్షకు చిక్కకుండా పోవచ్చునని ఆయన వివరించారు. అమ్మ కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. సంకేతాలు నమోదు కాకముందే రీసెట్ మీట నొక్కినవాణ్ణి నేనే.

ఆ తరువాతే మందుల చీటీ వెనుకనున్న శాసనాన్ని శ్రద్ధగా చదివాను. మన రాజ్యాంగం ప్రజారోగ్యాన్ని రాష్ట్రాల జాబితాలోనూ, ఔషధాలను ఉమ్మడి జాబితాలోనూ చేర్చింది. ఔషధాలకు సంబంధించిన మూలశాసనం 1940 నాటిది. దాని అమలుకు నియమావళి 1945లో వచ్చింది. చట్టం దేశమంతటికీ ఒక్కటే అయినా, మందుల దుకాణానికి లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీ జరిపేదీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ. కనుక ఈ చట్టం బలం రాష్ట్రాల శ్రద్ధపైనే ఆధారపడి ఉన్నది.

నియమావళిలోని షెడ్యూల్ 'హెచ్' మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. ఈ నిబంధన తరచుగా కాగితానికే పరిమితమవుతున్నందున 2013లో షెడ్యూల్ 'హెచ్‌1' ప్రకటించారు. అది 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. శక్తిమంతమైన కొన్ని యాంటీబయోటిక్స్, క్షయ మందులు, అలవాటుగా మారే కొన్ని నిద్రమాత్రలు మొదలైన 46 మందులు ఆనాటి జాబితాలో ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, చిరునామా, మందు పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఆ మందుల లేబులుపై ఎర్రని అంచుగల గడిలో హెచ్చరిక ముద్రించాలి. మన పర్మిట్ పుస్తకానికీ ఈ రిజిస్టరుకూ ఉద్దేశం ఒక్కటే: పని జరగకముందు బాధ్యత ఎవరిదో తేలాలి.

ఇంత జాగ్రత్త ఎందుకు? మన ఔషధ నియమావళి వెలువడిన 1945లోనే, పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన నోబెల్ ప్రసంగంలో ఒక హెచ్చరిక చేశారు. చాలీచాలని మోతాదులో మందు వాడితే సూక్ష్మక్రిములు దానికి లొంగని శక్తిని సంపాదించుకుంటాయన్నారు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సారథ్యంలో నడిచిన లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అటువంటి మహనీయుల కృషితో లభించిన ఆయుధాలను మనమే మొద్దుబారుస్తున్నాము.

రాష్ట్రం పూనుకుంటే ఏమి చేయవచ్చునో కేరళ చూపింది. 2018లో యాంటీబయోటిక్స్‌కు లొంగని క్రిముల బెడదపై కార్యాచరణ ప్రణాళిక చేపట్టింది. 2024 జనవరిలో 'ఆపరేషన్ అమృత్' పేరిట దుకాణాలలో ఆకస్మిక తనిఖీలు ప్రారంభించింది. చీటీ లేనిదే యాంటీబయోటిక్స్ అమ్మబోమన్న ప్రకటనను దుకాణదారులు అందరికీ కనిపించేలా పెట్టవలసి వచ్చింది.

డాక్టరు అందుబాటులో లేని మారుమూల పల్లెవాసికి ఈ నిబంధన కఠినంగా తోచవచ్చు. అతని ఇబ్బంది తీరాలంటే ఆ పల్లెకు డాక్టరు రావాలి. అది ప్రభుత్వాల బాధ్యత. టౌన్‌షిప్‌లో డిస్పెన్సరీ ఉన్న మనకు మాత్రం ఆ సాకు లేదు. కౌంటరు దగ్గర "రెండు మాత్రలు ఇవ్వండి చాలు" అని అడిగేది మనమే అయినప్పుడు ఏ ఇన్‌స్పెక్టరు మాత్రం ఏమి చేయగలడు?

కావున పాఠక మిత్రులకూ, వారి కుటుంబ సభ్యులకూ నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని మందుల పెట్టె తెరవండి. ఎవరికో, ఎప్పుడో రాసిన యాంటీబయోటిక్ మాత్రలు కనిపిస్తే వాటిని దాచకండి, ఇరుగుపొరుగుకు ఇవ్వకండి. డాక్టరు చెప్పిన మోతాదును, చెప్పినన్ని రోజులు వాడండి. పర్మిట్ లేనిదే ప్యానెల్ తలుపు తెరవని మనం, చీటీ లేనిదే మాత్ర మింగకూడదు.